ఒరుగుట వేరు, పడుట వేరు: మంచుపై కార్వింగు విద్య

ఉపోద్ఘాతము

2022వ సంవత్సరమున బీజింగు శీతకాల ఒలింపిక్కులు ముగిసిన కొద్ది దినములకు, ఛందస్సు పాఠము చెప్పి పుస్తకము మూయుచుండగా ఒక విద్యార్థి లేచి తన ఫోనులోని చిత్రమొకటి మాకు చూపినాడు. చెక్ దేశపు క్రీడాకారిణి ఎస్టర్ లెడెట్‌స్కా మంచు వాలుపై స్నోబోర్డు మీద దిగుచున్నది. ఆమె దేహము నేలకు చేరువగా వాలిపోయి ఉన్నది. “సార్, ఈమె పడిపోవుచున్నదా, మలుపు తిరుగుచున్నదా?” అని అతడు అడిగినాడు. తరగతి అంతయు నవ్వినది. వెనుక వరుసలోని విద్యార్థిని ఒకతె, “ఆ బూట్లు చూడండి సార్, సంకెళ్లవలె ఉన్నవి. అవి తొడిగిన తరువాత మనిషి కదలుట ఎట్లు?” అనినది.

ఆనాడు ఆ రెండు ప్రశ్నలకును మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. నవ్వి ఊరకుండుట అధ్యాపకునకు తగదు గనుక, తరువాతి మాసములలో ఈ విద్యను గురించి దొరికినంత చదివితిమి. పోటీల చిత్రములను నెమ్మదిగా త్రిప్పి చూచితిమి. లెక్క వచ్చినచోట భౌతికశాస్త్రము బోధించు మిత్రుల ప్రక్కన కూర్చుంటిమి. మేము మంచుపై నిలిచినవారము కాము. అయినను ఆ రెండు ప్రశ్నలకు సమాధానము ఒక్కటేయని మాకు తోచినది. ఒరుగుటకును పడుటకును గల భేదము కట్టులో ఉన్నది. ఏ బూటు సంకెలవలె కనిపించుచున్నదో, అదియే ఆమెను పడకుండ ఒరగనిచ్చుచున్నది. దానిని క్రమముగా వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

కొంత చరిత్ర

1965వ సంవత్సరము క్రిస్మసు దినమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, మస్కీగన్ పట్టణములో, షెర్మన్ పాపెన్ అను ఇంజనీరు తన కుమార్తెల వినోదమునకై రెండు స్కీలను ప్రక్కప్రక్కన బిగించి ఒక ఆటవస్తువు చేసినాడు. మంచు అను అర్థముగల ‘స్నో’, అలలపై తేలువాడను అర్థముగల ‘సర్ఫర్’ అను రెండు మాటలను కలిపి ఆయన భార్య దానికి ‘స్నర్ఫర్’ అని పేరు పెట్టినది. ముందుభాగమునకు కట్టిన త్రాడును చేతపట్టి, దానిపై నిలబడి జారుటయే ఆ ఆట. పాదములకు కట్టు ఏమియు లేదు. అందుచేత మలుపు తిరుగుట చాల వరకు అదృష్టముపై ఆధారపడియుండెడిది.

1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ అను యువకుడు వెర్మాంట్ రాష్ట్రమున బోర్డులు చేయు చిన్న కర్మాగారము ప్రారంభించినాడు. పాదమును బోర్డుకు బిగించు కట్టు, అనగా బైండింగు, స్థిరపడినది అతనివంటివారి కృషివలననే. మన విషయమునకు ఇది మొదటి మెట్టు. కట్టు వచ్చిన పిదపనే బోర్డు మనిషి మాట వినసాగినది.

ఆల్ప్స్ పర్వతముల ప్రాంతమున గట్టి ప్లాస్టిక్కు స్కీబూట్ల వాడుక అప్పటికే బలముగా ఉండెను. 1980 దశకమున అక్కడివారనేకులు మెత్తని బూట్లు విడిచి, గట్టి బూట్లతోనే స్నోబోర్డుపై నిలిచి, వేగమునకును మలుపునకును ప్రాధాన్యమిచ్చిరి. ఈ శాఖకే ఆల్పైన్ స్నోబోర్డింగు అని పేరు. గాలిలోనికెగిరి విన్యాసములు చేయు శాఖ వేరు. వారి బూట్లు మెత్తనివి, బోర్డులు వెడల్పైనవి.

స్నోబోర్డు ఒలింపిక్కులలో ప్రవేశించినది 1998లో, జపానులోని నగానో క్రీడలలో. అప్పటి జెయింట్ స్లాలము పోటీలో పురుషులలో కెనడా దేశీయుడు రాస్ రెబగ్లియాటి, స్త్రీలలో ఫ్రాన్సు దేశీయురాలు కరీన్ రూబీ స్వర్ణపతకములు పొందిరి. 2002 నుండి ఇద్దరు క్రీడాకారులు ప్రక్కప్రక్కన దిగు సమాంతర జెయింట్ స్లాలము ఆ స్థానమునకు వచ్చినది. 2014లో సోచి క్రీడలలో సమాంతర స్లాలము అను మరియొక పోటీని చేర్చిరి. ఆ సంవత్సరము రష్యా పక్షమున విక్ వైల్డ్ రెండింటిలోను స్వర్ణము గెలిచినాడు. కాని తరువాతి క్రీడలలోనే ఆ రెండవ పోటీని తొలగించిరి. గట్టి బూట్లవారికి మరల ఒక్క పోటీయే మిగిలినది.

మా విద్యార్థి చూపిన చిత్రములోని లెడెట్‌స్కా 2018లో పియోంగ్‌చాంగ్ క్రీడలలో ఒక అపూర్వకార్యము చేసినది. మొదట స్కీలపై సూపర్-జి పోటీని సెకనులో నూరవ వంతు తేడాతో గెలిచి, సరిగా వారము తరువాత స్నోబోర్డుపై సమాంతర జెయింట్ స్లాలమును గెలిచినది. రెండు కాళ్లకు రెండు స్కీలు గల విద్యలోను, రెండు కాళ్లకు ఒకే బోర్డు గల విద్యలోను ఒకే వ్యక్తి స్వర్ణము పొందుటనుబట్టి, ఈ రెండింటికిని మూలసూత్రమొక్కటే యని ఊహింపవచ్చును. ఆ సూత్రమే కార్వింగు.

జారుట, చెక్కుట

కార్వింగు అనగా చెక్కుట. భాష బోధించువారము గనుక ముందుగా ఈ మాటనే పట్టుకొందుము. ఇది అలంకారమునకు పెట్టిన పేరు కాదు. వడ్రంగి ఉలిని కొయ్యపై అడ్డముగా ఈడ్చిన కొయ్య గీరుకొనిపోవును. పదును వెళ్లవలసిన దిక్కుననే నెట్టిన గాడి శుభ్రముగా తెగును. మంచుపై బోర్డు అంచునకును ఇదియే న్యాయము.

స్నోబోర్డు ఇరుప్రక్కల ఉక్కు అంచులుండును. క్రొత్తగా నేర్చువాడు బోర్డును తాను పోవు దిక్కునకు అడ్డముగా త్రిప్పి, అంచుతో మంచును గీరుచు మలుపు తిరుగును. దీనిని స్కిడ్డింగు అందురు. మనము జారుట అందుము. ఇందు వేగము తగ్గును, మంచు పొడి లేచును, వెనుక చీపురుతో ఊడ్చినట్లు వెడల్పైన మరక మిగులును. కార్వింగునందు అట్లు కాదు. బోర్డు ముందుకొన ఎక్కడ మంచును కోసినదో, అంచులోని ప్రతి బిందువును అదే గాడిలో నడచును. తోకకొన కూడ అక్కడనే నడచును. వెనుక మిగులునది సన్నని ఒకే గీత.

కావున ఈ విద్యలో పరీక్షకుడు వేరొకడు అక్కరలేదు. మలుపు పూర్తియైన తరువాత ఆగి, వెనుదిరిగి కొండవైపు చూచిన చాలును. గీత సన్నగా ఉన్న మలుపు చెక్కబడినది. వెడల్పుగా ఉన్న మలుపు జారినది. తాను ఎంత సొగసుగా కనిపించినను, ఎంత లోతుగా ఒరిగినను, గీత అబద్ధమాడదు. అట్లని జారుట దోషమని తలంపరాదు. జనసమ్మర్దమున వేగము తగ్గించుకొనుటకు అదియే సాధనము. జారుచు చెక్కుచున్నానని భ్రమించుటయే దోషము.

బోర్డు నడుము

బోర్డును పైనుండి చూచిన డమరుకమువలె నడుము సన్నగా ఉండును. ఇరుప్రక్కల అంచులు లోనికి వంగిన చాపములు. ఈ వంపును సైడ్‌కట్ అందురు. ఆ చాపమును పూర్తి వృత్తముగా పొడిగించిన ఆ వృత్తమునకెంత వ్యాసార్ధముండునో, దానినే సైడ్‌కట్ వ్యాసార్ధమని లెక్కింతురు. స్లాలము బోర్డులు సుమారు 160 సెంటీమీటర్ల పొడవుతో, 10 మీటర్ల చుట్టుప్రక్కల వ్యాసార్ధముతో ఉండును. జెయింట్ స్లాలము బోర్డులు 180 సెంటీమీటర్లు దాటియుండును. వాటి వ్యాసార్ధము చాల ఎక్కువ. పందెపు బోర్డులలో ఈ వంపు కొననుండి కొనకు ఒకే తీరుగ ఉండక కొంత మారుచుండును.

ఈ వంపు ఏమి చేయునో విద్యార్థులు ఇంటివద్దనే చూడవచ్చును. ఒక పోస్టుకార్డు తీసుకొని, దాని పొడవు అంచును కత్తెరతో కొద్దిగా లోనికి వంపుగా కత్తిరింపుడు. ఆ అంచును బల్లపై ఆనించి, కార్డును ఏటవాలుగా పట్టుకొనుడు. మొదట రెండు కొనలు మాత్రమే బల్లను తాకును. నడుమ ఖాళీ ఉండును. ఇప్పుడు వ్రేలితో నడుమ నొక్కుడు. కార్డు వంగి, అంచు మొత్తము బల్లను తాకును. తాకిన ఆ గీత సరళరేఖ కాదు, చాపము. కార్డును ఇంకను వాల్చి నొక్కిన ఆ చాపము మరింత బిగియును.

బోర్డుకు జరుగునదియు ఇదియే. మనిషి బరువు నడుమను నొక్కును, బోర్డు వంగును, వంగిన అంచు తన చాపము వెంబడి తానే నడచును. బోర్డును చేతులతోగాని భుజములతోగాని త్రిప్పవలసిన పనిలేదు. వాల్చిన చాలును, మలుపు అదియే వచ్చును. బోర్డును త్రిప్పవలెనను తొందరయే ప్రారంభదశలో గీతను పాడుచేయును.

ఒరుగుటలోని లెక్క

సైకిలుపై వీధి మలుపు తిరుగునప్పుడు మనము తెలియకుండగనే లోనికి ఒరుగుదుము. ఒరగనిచో బయటికి తూలిపోదుము. వేగమెంత ఎక్కువయో, మలుపెంత బిగువో, అంతగా ఒరగవలెను. పడుచున్నవానికి ఆధారములేదు. ఒరుగుచున్నవానికి మలుపులోని బలమే ఆధారము. కాని సైకిలునకు హ్యాండిలున్నది, మలుపు బిగువును చేతితో నిర్ణయింపవచ్చును. స్నోబోర్డుకు హ్యాండిలు లేదు. ఇచ్చట ఎంత వాల్చితిమో అదియే మలుపు బిగువును నిర్ణయించును. బోర్డును వాల్చిన కోణముయొక్క కొసైనుతో సైడ్‌కట్ వ్యాసార్ధమును గుణించిన మలుపు వ్యాసార్ధము వచ్చును.

భౌతికశాస్త్ర మిత్రుల సహాయముతో చేసిన లెక్క ఇది. నేల చదునైనదనియు, మంచు గట్టిదనియు, దేహము బోర్డుకు నిలువుగా ఉన్నదనియు అనుకొందము. బోర్డు సైడ్‌కట్ వ్యాసార్ధము 10 మీటర్లు. నిలువునుండి 30 డిగ్రీలు ఒరిగి నిలకడగా తిరుగవలెనన్న వేగము సెకనుకు 7 మీటర్లు, అనగా గంటకు సుమారు 25 కిలోమీటర్లుండవలెను. 45 డిగ్రీలకు గంటకు 30 కిలోమీటర్లు. 60 డిగ్రీలకు 33 కిలోమీటర్లు. మలుపు వ్యాసార్ధము 30 డిగ్రీలవద్ద 8.7 మీటర్లు, 60 డిగ్రీలవద్ద 5 మీటర్లు మాత్రమే.

ఈ అంకెలలో రెండు విషయములు గమనింపదగినవి. వేగము 25 నుండి 33కు పెరిగినంతనే ఒరుగు కోణము రెట్టింపైనది. అందుచేతనే చూచువారికి ఆ ఒరుగుట హఠాత్తుగా, అసాధ్యముగా తోచును. రెండవది, ఈ బోర్డుకు ఒక హద్దున్నది. ఎంత ఒరిగినను గంటకు సుమారు 36 కిలోమీటర్లు దాటిన అంచు మంచును పట్టియుండలేదు. చెక్కుట జారుటగా మారును. 20 మీటర్ల వ్యాసార్ధముగల బోర్డుకు ఈ హద్దు గంటకు 50 కిలోమీటర్లు. కొండ వాలుపై ఈ అంకెలు కొంత మారును గాని, వేగము పెరిగినకొలది పొడవైన, నిదానపు వంపుగల బోర్డు కావలెనను సూత్రము మారదు.

ఇక బరువు సంగతి. 60 డిగ్రీలు ఒరిగినవాని కాళ్లపై పడు భారము అతని బరువునకు రెండు రెట్లు. 60 కిలోల మనిషి ఆ క్షణమున 120 కిలోల మనిషివలె నిలువవలెను, అదియు కొన్ని మిల్లీమీటర్ల ఉక్కు అంచుపై. ఇచ్చటనే మా విద్యార్థిని అడిగిన బూట్ల ప్రశ్న వచ్చును.

కట్టు: బూటు, బైండింగు

హార్డ్‌బూటు స్కీబూటునకు దగ్గరి చుట్టము. పైన గట్టి ప్లాస్టిక్కు గుల్ల, లోపల మెత్తని తొడుగు, ముందర బిగించు బకిళ్లు. మెత్తని బూటు తొడిగినవాడు మోకాలిని ప్రక్కకు వాల్చిన, ఆ కదలికలో కొంత భాగము చీలమండవద్ద బూటు ముడుతలలోనే వ్యయమగును. గట్టి గుల్లలో అట్లు పోదు. పిక్క ఎంత కదలినదో అంచు అంత కదలును. పలుకుబడి సూటిగా ఉన్నవాని మాట సభ చివరివరకు వినబడినట్లు, గట్టి బూటులో మోకాలి మాట అంచువరకు చేరును.

బోర్డుకు బూటును పట్టియుంచునది పలకవంటి బైండింగు. బూటు ముందు, వెనుక అంచులను ఉక్కు కడ్డీలు పట్టుకొనును. ముందరి మీట నొక్కిన అవి బిగియును. మరియొక రకమున మడమలో దాగిన పిన్నులు అడుగువేసినంతనే బిగిసికొనును. కాలివెంట పైకి వచ్చిన తీగను లాగిన వదలును. స్కీ బైండింగు పడినప్పుడు దానంతట అది విడిపోవును. ఈ బైండింగులు సామాన్యముగా అట్లు విడిపోవు. ఒక్క పాదము విడివడి రెండవది బోర్డుకు అంటియుండిన, ఆ మోకాలికి మరింత ప్రమాదము.

పాదముల దిక్కు ముఖ్యమైనది. విన్యాసముల శాఖవారు పాదములను ఇంచుమించు బోర్డుకు అడ్డముగా ఉంతురు. ఆల్పైను బోర్డు నడుము 18 నుండి 21 సెంటీమీటర్లే. 30 సెంటీమీటర్ల బూటును దానిపై అడ్డముగా ఉంచిన, వ్రేళ్లును మడమయు అంచు దాటి బయటికి పొడుచుకొనును. బోర్డును వాల్చినంతనే బూటు మంచును తాకి, అంచును పైకి లేపివేయును. ఆ పతనము ముందు తెలియజేసి వచ్చునది కాదు. కావున ముందరి పాదమును 55 నుండి 65 డిగ్రీలవరకు, వెనుకటి పాదమును దానికంటె కొద్దిగా తక్కువగా ముందుకు త్రిప్పి బిగింతురు. అప్పుడు బూటు నడుములో ఇమిడిపోవును. నడుము సన్ననైనకొలది ఒక అంచునుండి రెండవ అంచునకు మారుట త్వరితమగును.

పాదములు ముందుకు తిరిగినప్పుడు ముందరి కాలు చాచుకొనును, వెనుకటి మోకాలు వంగును. ఈ భంగిమకు అనుకూలముగా ముందరి బూటు వ్రేళ్లక్రిందను, వెనుకటి బూటు మడమక్రిందను చీలవంటి ఎత్తు పెట్టుదురు. వెనుకటి బూటు గుల్లను ముందుకు కొంత ఎక్కువగా వంచియుంచుదురు. ఇవి అందరికి ఒకే కొలత కావు. తొడ పొడవు, నడుము సౌలభ్యము, పాత గాయము అన్నియు చూచుకొని సరిచేసికొనవలెను. ఒక డిగ్రీ తేడా ఒకనికి సుఖము, మరియొకనికి మోకాలినొప్పి.

2000 తరువాతి దశాబ్దమున ఈ పరికరములలో రెండు మార్పులు వచ్చినవి. బోర్డు పొరలలో టైటనాల్ అను అల్యూమినియపు మిశ్రమలోహపు రేకును చేర్చుటచే, గరుకు మంచుపై అదురు తగ్గి అంచు అంటిపెట్టుకొనుట మెరుగుపడినది. బోర్డుకును బైండింగునకును నడుమ వేరొక పలకను అమర్చుటచే, బూట్ల బిగువు అడ్డుపడకుండ బోర్డు క్రింద స్వేచ్ఛగా వంగగలిగినది. అంచులను 88 లేక 89 డిగ్రీలకు ఆకురాయితో పదునుపెట్టుట నాటికిని నేటికిని తప్పని పని.

కట్టువలన నష్టము లేకపోలేదు. గట్టి గుల్ల చీలమండను కాపాడును. కాని అచ్చట ఆగిన బలము పిక్క ఎముకకును మోకాలికిని ఎక్కును. లోతైన మెత్తని మంచునందు సన్నని బోర్డు మునుగును. ఈ బూట్లతో మెట్లెక్కుట కూడ కష్టమే. ఇందుచేతను, విన్యాసముల శాఖకు ఆకర్షణ పెరుగుటచేతను ఈ విద్య అభ్యసించువారి సంఖ్య తగ్గినది. పెద్ద సంస్థలలో అనేకములు ఈ పనిని విడిచినవి. నేడు ఆల్పైను బోర్డులలో అధికభాగము చిన్న కర్మాగారములవారు, ఆ విద్యపై మక్కువతో చేయుచున్నవి.

సాధనాక్రమము

మొదటి పాఠము మలుపు కాదు, గీత. యంత్రముతో దువ్విన సున్నితమైన వాలుపై, ఉదయమున జనము తక్కువగా ఉన్నప్పుడు, ఒకే అంచుపై అడ్డముగా దాటుచు, కదలక నిలిచి, వెనుక సన్నని గీత పడినదా యని చూచుకొనవలెను. అది కుదిరిన పిదప మోకాళ్లను మరికొంత వాల్చి, బోర్డు తానే కొండవైపునకు వంపు తిరిగి ఆగువరకు ఓపికపట్టవలెను. భుజములతో త్రిప్పరాదు.

రెండవ పాఠము అంచు మార్పు. ఒక మలుపు ముగియుచుండగా కాళ్లు మెత్తబడి, దేహము బోర్డుకు ఆవలివైపునకు దాటును. బోర్డు క్షణకాలము చదునై రెండవ అంచుపైకి ఎక్కును. ఈ మార్పు మలుపు ఆరంభముననే జరుగవలెను. బోర్డు వాలుకు నేరుగా క్రిందికి తిరిగిన తరువాత మార్పు చేయువాడు అప్పటికే వేగము మీరియుండుటచే భయపడి అంచును గీరును. చూపు ఎల్లప్పుడు మలుపు చివరకు పోవలెను. ముక్కుకొనను చూచువాడు అక్కడనే పడును.

మూడవ పాఠము దేహపు వంపు. దేహమంతయు ఒకే కర్రవలె ఒరుగుట ఒక పద్ధతి. మోకాళ్లు, నడుము లోనికి వంచి భుజములను కొంత నిలువుగా ఉంచుట మరియొకటి. రెండవదానివలన బోర్డు దేహముకంటె ఎక్కువ వాలి, అంచు పట్టు గట్టిపడును. మడమవైపు మలుపులో క్రొత్తవారు కుర్చీలో కూర్చున్నట్లు వెనుకకు కూలబడుదురు. బరువు అంచునుండి తొలగి బోర్డు కుదుపులతో జారును. తుంటిని ముందుకొనవైపు త్రిప్పి మోకాళ్లు వంచుట దానికి విరుగుడు. వ్రేళ్లవైపు మలుపులో దోషము దీనికి విపరీతము. నడుమువద్ద వంగి, చేయి చాచి మంచును తాకవలెనని ఆరాటపడుదురు.

ఈ చివరి దోషమును గురించి కొంత చెప్పవలెను. గొప్ప క్రీడాకారుల చిత్రములలో వారి చేయి మంచును రాచుచుండును. దానిని చూచి నేర్చువాడు చేతిని మంచుకు చేర్చుటయే విద్యయని అనుకొనును. చేయి తాకును, చిత్రము బాగుండును, కాని నడుము వంగుటచే బరువు అంచును వదలి, వెనుక గీత వెడల్పగును. నిజమున చేయి మంచు దగ్గరకు పోవలసినది కాదు. వేగము, అంచు, ఒరుగుట కుదిరినప్పుడు మంచే చేతి దగ్గరకు వచ్చును. ఫలమును ముందుగా అందుకొనబోయినవాడు చెట్టు ఎక్కుట నేర్వడు.

రెండు మార్గములు

ఈ విద్యలో రెండు మార్గములున్నవి. పందెగానికి కాలమే ప్రమాణము. అతడు జెండాల నడుమ కావలసినంతయే ఒరుగును. దేహము మంచును రాచిన వేగము తగ్గును గనుక దానిని కోరడు. రెండవ మార్గము స్విట్జర్లాండులోని జినాల్ గ్రామపు వాలులపై జాక్ రిలియె, పాట్రిస్ ఫివా అనువారు పెంపొందించిన ఎక్స్‌ట్రీమ్ కార్వింగు. ఇందు అంచు మార్చునప్పుడు కాళ్లను ముడిచి, మలుపులో వాటిని పూర్తిగా చాచుదురు. దేహము మొత్తము మంచుపై పరుండినట్లు తాకుచు తిరిగి లేచును. వీరి బోర్డులు పందెపు బోర్డులకంటె కొంత వెడల్పుగా, పాదముల కోణములు కొంత తక్కువగా ఉండును. ఈ శాఖకు గడియారములేదు, బహుమతిలేదు. మలుపు మొదటినుండి చివరివరకు గీత తెగకుండుటయే వారి తృప్తి. ఒకటి గొప్ప, రెండవది తక్కువ యనుట న్యాయము కాదు. రెండింటికిని పునాది ఆ సన్నని గీతయే.

ఇతరులపట్ల బాధ్యత

కార్వింగు మలుపు వాలు వెడల్పంతయు ఆక్రమించును. కొన్నిసార్లు బోర్డు తిరిగి కొండపైకి ఎక్కును. పైనుండి వచ్చువాడు దీనిని ఊహింపడు. మడమవైపు మలుపులో వీపు వెనుక ఏమున్నదో బోర్డుపైనున్నవానికి కనబడదు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య మంచు వాలులపై నడవడికి 10 నియమములు ఏర్పరచినది. ముందు పోవువానికి అడ్డురాకుండ వెనుకవాడు తన దారిని ఎన్నుకొనవలెను. వాలులోనికి ప్రవేశించువాడును, పైదిశకు కదలువాడును క్రిందికి, పైకి రెండు దిక్కుల చూడవలెను. ఎంత అందమైన గీతయైనను మరియొకని కాలికి అడ్డముగా గీయదగదు.

ముగింపు

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు సమాధానము చెప్పగలము. ఆమె పడిపోవుట లేదు. ఆమె వేగము, బోర్డు వంపు, అంచు పట్టు, ఆమె ఒరుగుట ఈ నాలుగును ఆ క్షణమున ఒకదానినొకటి మోయుచున్నవి. వానిలో ఏ ఒక్కటి తప్పినను అదే భంగిమ పతనమగును. చిత్రములో రెండింటికిని భేదము కనబడదు. మంచుపై మిగిలిన గీతలో కనబడును.

విద్యార్థిని ప్రశ్నకు సమాధానము ఆనాటి పాఠములోనే ఉన్నది. యతిప్రాసలు కవిని కట్టివేయునని మీరు తరచు మాతో వాదింతురు. మన ఉర్దూ శాఖవారి తరగతిలో రదీఫు, కాఫియాల విషయమున ఇదే వాదము జరుగుచున్నదని వింటిమి. స్నర్ఫరుపై నిలిచిన పిల్లలకు ఏ కట్టును లేదు. వారు త్రాడు పట్టుకొని నేరుగా జారిరి. పాదమునకు కట్టు బిగిసిన తరువాతనే మనిషి ఇంత లోతుగా ఒరిగి, తిరిగి లేవగలిగినాడు. అయితే ప్రతి కట్టును మేలుచేయదు. కొలత తప్పిన బూటు మోకాలిని విరుచును, అర్థము విడిచిన ప్రాస పద్యమును విరుచును. కట్టును తన దేహమునకు సరిచేసికొనుట నేర్చినవానికే అది సహాయము.

విద్యార్థినీ విద్యార్థులారా, మీలో ఎవరైనను ఒకనాడు గుల్‌మర్గ్ వాలులపైనో, దేశాంతరములలోనో ఈ బోర్డుపై నిలువవచ్చును. నిలువకపోయినను నష్టములేదు. మీరు ఏ విద్యను చేపట్టినను చేయి మంచును తాకినదా యని చూచుకొనకుడు. కొంతదూరము పోయి ఆగి, వెనుదిరిగి, మీ గీత ఎంత సన్నగా పడినదో చూచుకొనుడు. వెడల్పుగా ఉన్నచో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. మరల పైకెక్కి, మరియొకసారి దిగవలెను.